అతుకుల మొనగాడు

బంగారుపాళ్యంలోని మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో దొంగలు పడ్డారు. తాళం పగల్లేదు, కుక్క మొరగలేదు. కంప్యూటర్లలో దూరి, దుబాయ్ బేరగాళ్లకు చెప్పబోయే ధరలన్నీ పోటీ ఫ్యాక్టరీకి చేరవేశారు. గుజ్జు ఇక్కడే మిగిలింది, ఆర్డరు అక్కడికి పోయింది.

చిత్తూరు నుంచి సైబర్ పోలీసు ఎస్సై లోహిత వస్తోందనగానే, కంప్యూటర్లు చూసుకునే మునిచంద్ర పేరుకు తగ్గట్టు మునిగిపోయాడు.

కారణముంది. వెబ్ సర్వర్ ముందు ప్రాక్సీ అనే సాఫ్ట్‌వేర్ ఒకటి కాపలా ఉంటుంది. దానికో బొక్క ఉందనీ, ఎవడైనా బారెడు పొడవు చిరునామా పంపితే డబ్బాలో పట్టని గుజ్జులా పొంగి పక్కకు పారుతుందనీ, ఆ పారినదాన్నే సర్వర్ తన యజమాని ఆజ్ఞ అనుకుని తలూపుతుందనీ, వెంటనే ప్యాచ్ అనే అతుకు వేసుకోమనీ మెయిలొచ్చి చాలా కాలమైంది. స్నేహితులు పలికిన ప్రాక్సీ హాజరుతోనే ఇంజినీరైన మునిచంద్రకు ఆ పేరు మీద ఆప్యాయతే తప్ప అనుమానం కలగలేదు. అతుకు వెయ్యలేదు. ఆవలింత మాత్రం వేశాడు.

“ఏమప్పా, అతుకేసినావా లేదా?” గదిమారు యజమాని బుడేన్ సాహెబ్. సర్వర్ అంటే ఇడ్లీ తెచ్చేవాడని ఆయన మొన్నటిదాకా అనుకునేవారు. “ఎయ్యలేదంటే మాత్రం రేపట్నుంచి గేటు బయట టెంకలు ఏరుకుందువు గానీ!”

మునిచంద్ర సాకు వెతుక్కుంటుండగానే లోహిత వచ్చింది. కుర్చీ లాక్కుని టకటకా మీటలు నొక్కింది.

“అతుకు ఏసే ఉండాదే!”

బయటికి పొడుచుకొచ్చిన కళ్లను మునిచంద్ర లోపలికి లాక్కుని, ఛాతీని బయటికి తోశాడు. ఎవరు వేస్తేనేం, అతుకు పడింది, బతుకు నిలబడింది.

“నేనే మేడమ్! ఈ చేతుల్తోనే ఏసినా.”

“ఇంకెవురన్నా సాయం పట్టినారా?”

“ఈడోళ్లకు మౌసంటే పిల్లి ఎంటపడేదే మేడమ్! నేను తప్ప దాన్ని ముట్టేవోడు ఈ కాంపౌండులోనే లేడు.”

“మొన్న శుక్రవారం సాయంత్రం ఏసినట్టు సూపిస్తా ఉండాది.”

“అదే, అదే! టీ కూడా తాగకుండా కూసోని ఏసినా. కావాలంటే యాడైనా ప్రమాణం చేస్తా.”

“మాషా అల్లా! ఇట్లాంటోణ్ణి పట్టుకుని టెంకలేరుకోమంటినే!” బుడేన్ సాహెబ్ అతన్ని గట్టిగా హత్తుకున్నారు. “చూడమ్మా, మావోడు వజ్రం!”

“వజ్రమే సాహెబ్. నా పనంతా సులువు చేసి పెట్టినాడు” అంటూ లోహిత లేచి, మునిచంద్ర భుజం మీద చెయ్యేసింది. “దొంగ దూరింది శుక్రవారం మధ్యాహ్నం, ఇంకో దొంగ తన ఎనకాలే రాకుండా, సాయంత్రానికి వాడే లోపలి నుంచి ఈ అతుకేసి బొక్క మూసుకున్నాడు. పదన్నా, జీపెక్కు.”