పొట్టేలు ఒళ్లు దులపలేదు

రెండో చెంబు నీళ్లు పోసినా పొట్టేలు కదల్లేదు. పసుపునీళ్లు దాని డొక్కల మీదుగా కారి గట్టు బండల మీద పడుతున్నాయి. అది మాత్రం పెళ్లికొచ్చిన చుట్టంలా నింపాదిగా నలుదిక్కులా చూస్తోంది.

“ఇంకో చెంబు పోస్త బావా,” అన్నాడు రాజ్‌కుమార్.

“ఆగరా, దానికి సలి పెడతది.” మల్లన్న నెత్తి రుమాలు విప్పి పొట్టేలు వీపు తుడవబోయాడు.

“తుడుస్తవేంది! తడిస్తెనే గద దులిపేది!”

మల్లన్న భార్య రేణుకమ్మ మిర్యాలగూడ దవాఖానలో ఉంది. తలకు ఆపరేషన్ అయింది గాని తెలివి రాలేదు. ఏమైతదని అడిగితే, “మా చేతుల ఏం లేదు, దేవుణ్ణే అడుగు” అన్నాడు డాక్టరు. మల్లన్న చెప్పిన మాట వినే మనిషి. బామ్మర్ది రాజ్‌కుమార్‌ను వెంటబెట్టుకుని, పెన్‌పహాడ్‌లో తన మందలోంచి ఈ పొట్టేలును ఆటో ఎక్కించి, లింగమంతుల స్వామి గుడి ఉన్న గట్టుకు వచ్చాడు.

మందలు కాసే ఇళ్లలో అందరికీ తెలిసిన పద్ధతే. దేవుణ్ణి అడగాల్సింది పొట్టేలు చెవిలో అడిగి, పసుపునీళ్లు పోయాలి. ఒళ్లు దులిపితే ఔనన్నట్టు. దులపకపోతే కాదన్నట్టు. మల్లన్న వంగి చెవిలో అడిగాడు. చిన్న మాటే అయినా అడగడానికి చాలాసేపు పట్టింది. ఏమడిగావని రాజ్‌కుమార్ అనలేదు. అక్క సంగతి కాక ఇంకేం అడుగుతాడు?

వెనక తమ పొట్టేలుతో వరసలో నిలబడ్డ రాధమ్మ అనే ఆవిడకు ఓపిక అయిపోయింది. “ఏం పొట్టేలన్నా అది? మాదైతే సెంబు సూస్తెనే దులుపుతది.”

“మీది తెలివిగల్లది,” అన్నాడు మల్లన్న.

ఇంతలో ఒక ఈగ వచ్చి పొట్టేలు మెడ మీద వాలింది. మల్లన్న ఠక్కున దాన్ని తోలేశాడు.

“ఉండనియ్యి బావా! ఈగ కుడితెనన్న దులుపుతదేమో!”

“దేవుని మీద నాకు నమ్మకమున్నది,” అన్నాడు మల్లన్న. “ఈగ మీద లేదు.”

పొట్టేలు చెవి ఆడించింది. రాజ్‌కుమార్ గబుక్కున చేతులు జోడించాడు. మల్లన్న ఊపిరి బిగబట్టాడు. అది ఆ చెవితోనే సరిపెట్టుకుంది.

మూడో చెంబు కూడా పోశారు. పొట్టేలు ఆవులించింది.

“ఇగ చాలు,” అన్నాడు పూజారి. “మూడు సెంబులకు దులపలేదంటే దేవుడు కాదన్నట్టే. ఇంటికి తోలుకపొండ్రి.”

వరసలోని వాళ్లు జాలిగా దారి ఇచ్చారు. రాధమ్మ కూడా తమ పొట్టేలును పక్కకు లాగింది. రాజ్‌కుమార్ ఓ బండ మీద కూలబడి, మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. అప్పుడే దవాఖాన నుంచి అతని భార్య యశోద ఫోన్ చేసింది. వదిన ఇంకా అట్లనే ఉందట, డాక్టరు ఏం చెప్పడం లేదట.

మల్లన్న పొట్టేలును మెడ నుంచి తోక దాకా, చెవుల వెనక కూడా, శుభ్రంగా తుడిచాడు. గుడి వైపు తిరిగి నేల మీద సాగిలపడి మొక్కి లేచాడు.

“రాజ్‌కుమారూ, ఆకలైతుందిరా. కింద ఎక్కడన్న పూరీలు దొరుకుతయా సూడు.”

రేణుకమ్మను దవాఖానలో చేర్చినప్పటి నుంచి అతని గొంతులోకి చాయ్ తప్ప ఏదీ దిగలేదు. రాజ్‌కుమార్ తలెత్తి వెర్రిగా చూశాడు.

“దేవుడు కాదన్నడు, నీకు ఆకలైతుందా? అసలు దాని చెవుల ఏమడిగినవ్ బావా?”

మల్లన్న రుమాలు పిండి భుజాన వేసుకున్నాడు.

“‘రేణుకను తీస్కపోతవా స్వామీ’ అని అడిగిన.”