ఎవరిని పిలిచి ఏడవాలి

“మనిషి సావంది శోకం వెట్టద్దు సారూ. ఇంటికి మంచిది కాదు,” అంటూ భీమవ్వ వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది.

రాజేంద్ర నవ్వాడు. పల్లెపాటలు పోగుచేయడం ఆయనకు పిచ్చి. బహ్రెయిన్‌లోని జింజ్ పేటలో ఉంటున్న చెల్లెలు జమునను చూసిపోదామని వచ్చినవాడు మైకు కూడా వెంట తెచ్చుకున్నాడు. చెల్లెలింట్లో పనిచేసే భీమవ్వ దొరికేసరికి పండగే అయింది. ఉదయం నుంచి మూడు నాట్ల పాటలు పాడించుకున్నాడు. ఇప్పుడు చావింట్లో ఆడవాళ్ళు పాడే శోకం కావాలట.

“అసలైన జానపదమంటే అదే భీమవ్వా. ఊరికే పాడు.”

“ఉట్టిగ ఎట్ల పాడుత సారూ? పోయినోళ్ళను వరుస వెట్టి పిలవాలె. ఎవల్ని పిలవాలె?”

“మీ ఆయన్నే పిలువు,” అంది జమున.

భీమవ్వ చెవులు మూసుకుంది. “అమ్మా, గంత మాటనకుండ్రి! ఆయిన ఊర్ల దవాఖానల ఉన్నడు. పొద్దుగాల్నుంచి బిడ్డ మల్లికతోటి మాట్లాడనే లేదు. నా ఫోనియ్యుండ్రి.”

“మోగితే రికార్డింగు పాడవుద్ది. అయ్యాక ఇస్తాలే.” జమున దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. “ఆర్నెల్లుగా సెలవడుగుతున్నావు కదా. పాడు, ఇవ్వాళే పంపిస్తాను.”

భర్తను కళ్ళారా చూడాలని భీమవ్వ ప్రాణం కొట్టుకుంటోంది. చివరికి గోడవారగా కూలబడి గొంతెత్తింది.

“చెప్పులిడిసి ఏడికి వోతివో, మల్లిక నాయినా... సద్ది గట్టిన, ఎవలు దింటరో మల్లిక నాయినా...”

రాజేంద్ర కళ్ళు చెమర్చాయి. “అద్భుతం! కానీ ఏసీ చప్పుడు పడింది. ఇంకొక్కసారి.”

ఏసీ ఆపేశారు. ఆ ఉక్కలో, చెమటా కన్నీళ్ళూ కలిసి కారుతుండగా, భీమవ్వ మొగుణ్ణి రెండోసారి ఏడ్చింది.

రాజేంద్ర తృప్తిగా మైకు సర్దుకున్నాడు. జమున సొరుగులోంచి ఫోనూ, ఓ కాగితమూ తీసి భీమవ్వ చేతిలో పెట్టింది.

“ఈ సాయంత్రానికే టిక్కెట్టు. పొద్దున్నే తీశాను.”

భీమవ్వ రెండు చేతులూ జోడించింది. “అమ్మా, బతికున్న మనిషిని ఏడ్చిన. నా పాటతోటి ఆయినకు ఏమన్నయితదా?”

“పిచ్చిదానా, నీ పాటకేం అవుద్ది? మీ మల్లిక ఫోను చేసింది, ఆయన తెల్లారుజామునే పోయాడు.”