పది మార్కుల ప్రశ్న

"ముందే చెప్తున్నా తాతయ్యా, మనవరాలినని మార్కులు ఎక్కువ వెయ్యను," అంది మనవరాలు కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.

"వెయ్యకు. న్యాయంగానే గెలుస్తాను," అన్నాడు తాతయ్య మీసం సవరించుకుంటూ.

పైకి అలా అన్నాడే గానీ లోపల అంత ధీమా లేదు. ఈ ఏడు బడివాళ్లు కొత్త పద్ధతి పెట్టారు. ఎనిమిదో తరగతి పిల్లలు చుట్టుపక్కల స్వచ్ఛంద సంఘాలను ఇంటర్వ్యూ చెయ్యాలి. ప్రశ్నలు మాత్రం పాఠాల్లోంచే తయారుచేసుకోవాలి. లెక్కల్లోంచి ఒకటి, సైన్సులోంచి ఒకటి, సోషల్లోంచి ఒకటి, భాషలోంచి ఒకటి. ఎక్కువ మార్కులొచ్చిన సంఘానికి షీల్డు. మొక్కల సంఘం అధ్యక్షుడు నిన్ననే ఇరవై అయిదుకి ఇరవై నాలుగు కొట్టేశాడు. పొద్దున పాల దుకాణం దగ్గర తాతయ్య భుజం తట్టి, "పోన్లెండి, వచ్చే ఏడు చూసుకుందురు గాని," అని మరీ పోయాడు.

తాతయ్యది పలకరింపుల సంఘం. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి, గంటసేపు కూర్చుని, వాళ్లు చెప్పుకున్నది విని రావడం దాని పని. చీటీలు తీస్తే ఆ సంఘం మనవరాలి వంతుకే వచ్చింది. షీల్డు తగిలించడానికి ముందుగదిలో మేకు అప్పుడే దిగిపోయింది.

"లెక్కలు, అయిదు మార్కులు. మీ సంఘం వారానికి ఎన్ని గంటలు పనిచేస్తుంది?"

"మావాళ్లు ఇరవై ఇద్దరు, తలా మూడు గంటలు. నేనొక్కణ్నే ఇరవై రెండు గంటలు. కూడుకో!"

"అరవై ఆరూ ఇరవై రెండూ, ఎనభై ఎనిమిది," అని టకీమని రాసుకుంది మనవరాలు. "అయిదుకి అయిదు. ఇక సైన్సు. మాట్లాడే మనిషి దొరకకపోతే ఒంట్లో ఏమవుతుంది?"

తాతయ్య గొంతు సవరించుకున్నాడు. "మొక్కకి నీళ్లు పొయ్యకపోతే ఎలాగో..."

"మొక్కలు పోయిన పాఠం తాతయ్యా. ఇప్పుడు మనుషుల పాఠం నడుస్తోంది."

మొక్కల పేరెత్తినందుకు తాతయ్య నాలుక కరుచుకున్నాడు. "ఆకలి చస్తుంది. నిద్ర పట్టదు. చిన్న నొప్పి కూడా పెద్దదవుతుంది. అందుకే మేం వెళ్లి ఏం తిన్నారు, ఎలా పడుకున్నారు అని అడిగి, ఇక నోరు మూసుకుని వింటాం. వినడమే మా మందు."

నానమ్మ టీ కప్పు తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఏమండీ, పొద్దున మా తమ్ముడు ఫోన్ చేసి..."

"ఇంటర్వ్యూ నడుస్తోందే! తర్వాత," అన్నాడు తాతయ్య చెయ్యి అడ్డంపెట్టి. నానమ్మ లోపలికి వెళ్లిపోయింది.

మనవరాలు అయిదు మార్కులు వేసి, చేత్తో గీసిన వీధుల పటం పరిచింది. "సోషల్. మీ సేవ అందిన చోట్లకి రంగు వెయ్యండి."

తాతయ్య ఎర్ర పెన్సిల్ అందుకుని ఈ చివర నుంచి ఆ చివరదాకా పులిమేశాడు.

"మన వీధి కూడానా?"

"అనుమానమా? మేం గడప తొక్కని ఇల్లు లేదు!"

"పదిహేనుకి పదిహేను," అంది మనవరాలు. తాతయ్యకి కూర్చున్నచోటే రెండంగుళాలు పొడుగైనట్టనిపించింది. ఇంకో పది వస్తే మొక్కలవాడి నోరు మూతపడుతుంది.

"చివరిది భాష. లేఖకు జవాబు, పది మార్కులు. ఇది నేను కల్పించింది కాదు. ఒకావిడ నిజంగా రాసిచ్చింది." మనవరాలు కాగితం విప్పి చదివింది.

"అధ్యక్షులవారికి. నాకు అరవై నాలుగేళ్లు. ఆరోగ్యం బాగానే ఉంది. మా ఇంటాయన కూడా ఉన్నారు, మంచివారే. కానీ నిన్నంతా ఆయన నాతో అన్నవి మూడే మాటలు. కళ్లజోడేది, ఉప్పు తక్కువైంది, తలుపేసుకో. నాకేమో చెప్పుకోవలసినవి చాలా పోగుపడ్డాయి. వారానికి ఒక్క గంట ఎవరినైనా పంపగలరా?"

తాతయ్యకి నిజంగానే కళ్లు చెమర్చాయి. వెంటనే కోపం కూడా వచ్చింది.

"ఎవడే వాడు? ఇంట్లో మనిషిని పెట్టుకుని నోరు కుట్టేసుకున్నాడా? వాణ్ని నా ముందు నిలబెట్టు, దులిపి పారేస్తాను!"

"తిట్టినందుకు మార్కుల్లేవు తాతయ్యా. ఆవిడకేం చేస్తారు?"

"ఎవర్నో పంపడమేంటి, నేనే వెళ్తాను."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

"గంటేనా?"

"ఆవిడ మనసులో ఉన్నదంతా చెప్పుకునేదాకా కుర్చీలోంచి లేస్తే ఒట్టు! రాసుకో."

మనవరాలు రాసుకుని కాగితం ముందుకు తోసింది. తాతయ్య కింద సంతకం చేసి, తారీఖు కూడా వేశాడు.

"మరి పది వేసినట్టేనా?"

"చెప్పింది చేసి చూపిస్తేనే పది. మా టీచరు రూలు."

"చేసి చూపించక!" తాతయ్య విసురుగా లేచాడు. ఇలాంటి మనిషి తమ కంట పడకుండా ఇన్నాళ్లూ ఎలా ఉండిపోయిందా అని బాధపడుతూనే చెప్పుల్లో కాళ్లు దూర్చి, గడప దాటబోతూ లోపలికి ఓ కేక వేశాడు.

"ఏమేవ్, నేనలా వెళ్లొస్తా, తలుపేసుకో! ఇదిగో అమ్మడూ, ఆవిడ ఉండేది ఎక్కడో చెప్పావు కాదేం?"

మనవరాలు పుస్తకం మూసి, తలుపుకి అడ్డంగా నిలబడింది.

"చెప్పులు విప్పెయ్ తాతయ్యా. ఆవిడ వంటింట్లో ఉంది."