బల్ల మీద పెట్టని వంట

"అంత తిండి బల్ల మీద పడి ఉంటే, ఇప్పుడీ వంటేంటి వదినా? ఆ గరిటె ఇలా ఇయ్యి!" ఇమోజీన్ చెయ్యి చాచింది.

మావిస్ ఇవ్వలేదు. పొయ్యి మీద మొక్కజొన్న రవ్వ కుతకుత ఉడుకుతోంది. అడుగంటకుండా తిప్పుతూనే ఉంది. కొడుకు వేలన్‌ని మట్టి చేసి వచ్చి గంట కాలేదు. నల్ల గౌను కూడా మార్చుకోలేదు.

ముందు గదిలో చర్చి ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు. పందిమాంసం హామూ, వేయించిన కోడీ, కేకులూ అన్నీ వాళ్ళు వండి తెచ్చినవే. చావు జరిగిన ఇంటికి ఇలా వండి తేవడం మా అలబామాలో మామూలే.

"వేలన్ ఇంక తినడు వదినా," అంది ఇమోజీన్ గొంతు తగ్గించి.

"తెలుసు. గుప్పెడు మట్టి నేనూ వేశాగా. ఆ చీజ్ తురుము ఇటు తొయ్యి."

ఇమోజీన్ తోసింది. తోస్తూనే భోరుమంది. "అంతా ఆ డస్టిన్ గాడి వల్లే! తాగి కారు తోలి, బంగారంలాంటి పిల్లాణ్ణి పొట్టన పెట్టుకున్నాడు. తనూ చచ్చాడు, పీడా పోయింది. నిన్న వాణ్ణి మట్టి చేస్తుంటే పాస్టరూ, కన్నతల్లీ తప్ప పిట్ట కూడా పోలేదట. తగిన శాస్తి!"

మావిస్ రవ్వ దించింది. వెన్న, చీజ్ కలిపింది. గుడ్లు కొట్టి పోసింది. గాజు పాత్రలోకి వంపి ఓవెన్‌లో పెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది. గుండె చెరువయ్యేలా ఏడ్చింది.

"పాపం, మతి చలించింది," అన్నారు ముందు గదిలో.

పైన ఎర్రగా వేగాక పాత్ర తీసింది. బల్ల మీద పెట్టలేదు. తువ్వాలు చుట్టి, రెండు చేతులా పట్టుకుని గడప దాటింది.

"వదినా! ఎక్కడికే?" ఇమోజీన్ వెనకాలే పరుగెత్తింది.

వీధి చివరి ఇంటి ముందు ఒక్క కారూ లేదు. మావిస్ పిలిస్తే తలుపు తీసింది డస్టిన్ తల్లి లోరీన్. ఎదురుగా మావిస్‌ని చూసి బిక్కచచ్చిపోయింది.

"తిట్టు మావిస్. కొట్టు. పడతాను."

లోపల పొయ్యి మీద ఒకే ఒక్క గుడ్డు వేగుతోంది.

మావిస్ వేడి పాత్ర ఆమె చేతుల్లో పెట్టింది.

"ముందా పొయ్యి ఆపు లోరీన్. బిడ్డని మట్టి చేసిన తల్లి వండుకోకూడదు."