కీర్తిశేషురాలి వేషం

"ఒక్క నిమిషం మౌనమన్నాను! ఎవరా దగ్గేది?"

అనంతపద్మనాభం కళ్ళు మూసుకునే కసిరాడు. విజయనగరంలోని నటరంజని నాటక సమాజం హాల్లో, వేషం కోసం వచ్చిన పదకొండు మంది ఆడవాళ్ళు తలలు వంచుకుని నిలబడ్డారు. అప్పుడే తలుపు తోసుకుని వచ్చిన పన్నెండో ఆమె, చేతిలో గుడ్డ సంచితో, అందర్నీ చూసి తనూ నిలబడింది.

"ఎవులు పోనారు బాబూ?" అని పక్కనున్న త్రినాథ్‌ని అడిగింది.

త్రినాథ్ సమాజం కార్యదర్శి. గురువుగారి కోపానికి జడిసి గొణిగాడు. "లక్ష్మణమ్మ గారు. ఈ నాటకం ఆవిడ కథే."

"ఏ లచ్చనమ్మ?"

"శృంగవరపుకోట సంతలో పనసపళ్ళు అమ్మేదట. దిగులుతో పోయింది పాపం."

ఆమె గబుక్కున చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదిరాయి. త్రినాథ్‌కి జాలేసి మంచినీళ్ళ సీసా అందించాడు.

మౌనం ఒక్క నిమిషం. ఆ తర్వాత అనంతపద్మనాభం ఉపన్యాసం అరగంట. నాటకం రాసిందీ ఆయనే, ఆడించబోయేదీ ఆయనే, మెచ్చుకునేదీ చాలామటుకు ఆయనే.

"ఎవరో ఆవిడ మాటలు సెల్లులో రికార్డు చేసి నాకు పంపారు. సంత ఎత్తేయించి కొట్లు కట్టుకుందామని వచ్చిన కాంట్రాక్టరు కాళ్ళు పట్టుకుని, ఏడ్చి, సంతని కాపాడిన తల్లి! దణ్ణం పెట్టుకుందామని పోయిన నెల్లో స్వయంగా వెళ్ళాను. కారద్దం దించి 'లక్ష్మణమ్మ ఏదీ' అంటే 'పోనాది బాబూ' అన్నారు. ఇంక వినలేకపోయాను. అద్దం ఎత్తేశాను."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. మొదటి ప్రదర్శన శృంగవరపుకోట సంతలోనే అన్నాడు. ఆ తర్వాత సీజనంతా పద్దెనిమిది ఊళ్ళు తిప్పుతారట.

పరీక్ష మొదలైంది. ఆయనకి ఒక్కరూ ఆనలేదు. ఒకామెది టీవీ ఏడుపు అన్నాడు. ఇంకొకామెది పంతులమ్మ గొంతు అన్నాడు. కాలేజీ నాటకాల్లో బహుమతులు కొట్టిన విశాలి అనే అమ్మాయి మాత్రం, కాంట్రాక్టరుగా నిలబడ్డ త్రినాథ్ కాళ్ళ మీద దభీమని పడి, "కాళ్ళట్టుకుంటాను బాబూ, మా సంత తియ్యకండి" అని వలవలా ఏడ్చింది.

పన్నెండో ఆమె కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చుంది.

"ఇదీ మట్టి వాసనంటే!" అని అనంతపద్మనాభం చప్పట్లు కొట్టాడు. ఆ పిల్ల పూసుకొచ్చిన సెంటు హాలంతా గుప్పుమంటోంది.

"పన్నెండు!"

ఆమె సంచి కుర్చీలో పెట్టి ముందుకొచ్చింది.

"ఏ ఊరు?"

"సంత కత ఆడతన్నారని ఇని పాతపట్నం నుండొచ్చినాను బాబూ. కూతురికి పురుడొస్తే ఆరు నెల్ల నుండీ అక్కడే ఉంటన్నాను."

"ఎప్పుడైనా వేషాలు వేశావా?"

"నేదు బాబూ. నాకొచ్చిన ఏషం ఇదొక్కటే."

"వచ్చిందో రాలేదో మేం చెప్పాలి. ఊఁ, చదువు."

ఆమె కాగితం తీసుకుంది గాని దానివంక చూడలేదు. త్రినాథ్ ఎదురుగా నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "ఏటి సూస్తన్నావ్? నాను కూకున్న సోటు నీ బాబు సొమ్మేటి? కాలరట్టుకున్నానంటే వొదల్ను!" అంటూ నిజంగానే అతని చొక్కా కాలరు పట్టి లాగింది. గుండీ ఒకటి తెగి బల్ల కింద పడింది. త్రినాథ్ విడిపించుకోబోయి గింజుకున్నాడు.

"ఆపు, ఆపు! కాలరేమిటి? కాళ్ళు! 'కాళ్ళట్టుకున్నాను' అని రాసుంది. చదవడం రాదా?"

"సదవడం వొచ్చు బాబూ. రాసినోరికే ఇనడం రానట్టున్నాది. కాళ్ళు కాదు, కాలరు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అనంతపద్మనాభం మొహం కందగడ్డయింది.

"నటన సంగతి తర్వాత, అసలు నీ యాసే తప్పు. లక్ష్మణమ్మ గొంతు నూరుసార్లు విన్నవాణ్ణి నేను. ఆవిడ గొంతెక్కడ, నీ రంకెలెక్కడ?"

"పోనీ ఏషం నాకియ్యకండి. ఆ ఒక్క మాటా మార్సండి, సాలు." ఆమె కాగితం తిరిగిచ్చేసింది. "సంత సంతంతా కూకుని సూస్తాది బాబూ. ఆళ్ళందరి ముందరా లచ్చనమ్మ ఒకడి కాళ్ళ మీద పడిపోనాదంటే, పరువేటవుతాది?"

"పోయినవాళ్ళకి పరువేమిటి? కాలరు పట్టుకుంటే జనం ఏడవరు. కాళ్ళు పట్టుకుంటేనే ఏడుస్తారు. నా నాటకంలో ఒక్క అక్షరం మారదు. త్రినాథ్, విశాలి పేరు రాసుకో. ఈవిణ్ణి పంపించెయ్."

త్రినాథ్ గుండీ తెగిన కాలరు సర్దుకుంటూ తలుపు వైపు చెయ్యి చూపించాడు. ఆమె సంచి తీసి భుజాన వేసుకుంది. తలుపు వైపు వెళ్ళకుండా తిన్నగా గురువుగారి బల్ల దగ్గరికొచ్చి ఆగింది.

"లచ్చనమ్మ ఎవుడి కాళ్ళూ అట్టుకోనేదు."

అనంతపద్మనాభం బల్ల గుద్ది లేచాడు. "చచ్చిపోయిన లక్ష్మణమ్మ వచ్చి నీ చెవిలో చెప్పిందా ఆ మాట?"

"సెవిలో కాదు బాబూ, మీ ఎదర నిలబడే సెప్తన్నాది."