మెట్ల కింద వాల్వు

"అమ్మా, సింకు కింద మళ్ళీ నీళ్ళు!"

కొడుకు కేకకి అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. కోడలు అప్పటికే టార్చి పట్టుకుని సిద్ధంగా ఉంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ మెట్ల కింద గూట్లోకి పాక్కుంటూ దూరారు. ఇంటి నీళ్ళన్నీ ఆపే వాల్వు ఆ గూటి చివర, గోడ మూలన ఉంది మరి.

నిమిషంలో నీళ్ళు ఆగాయి. మనుషులు మాత్రం బయటికి రాలేదు.

"ఒరేయ్, ఆగాయిరా! ఇంకా ఏం చేస్తున్నారు?"

"బిగిస్తున్నానమ్మా!"

"నేను టార్చి పట్టుకున్నానత్తయ్యా!"

అరగంటకి బయటపడ్డారు. కొడుకు మోచేతులకి సున్నం, కోడలి జుట్టు మీద సున్నం, ఇద్దరి మొహాలూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. సింకు కింద నట్టు బిగించడం రెండు నిమిషాల పని. ఆ తర్వాత వాల్వు తెరవడానికి మళ్ళీ ఇద్దరూ దూరారు. మళ్ళీ అరగంట.

వారంలో ఇది నాలుగోసారి. అత్తగారి ప్రాణం ఉసూరుమంది. ఏడుగురున్న ఇల్లు. కొత్త జంట గదిలోనే ఇస్త్రీ బల్ల, ఆడపడుచు చదువు, మరిది వ్యాయామం. ఇంతమందిలో సాయానికి వంగే మనిషి ఒక్కరూ లేరు.

"ఈ పిల్ల వాళ్ళమ్మకి ఫోన్లో చెబితే నా పరువేం కాను? పెళ్ళై నెల తిరక్కుండానే కోడల్ని సొరంగంలోకి తోసిందనరూ?" అంది భర్తతో.

"మార్చమని వాళ్ళు అడిగారా?" టీవీ మీంచి చూపు తిప్పకుండా అన్నాడాయన.

"అడగరు. మంచి పిల్లలు, నోరెత్తరు."

మర్నాడే ప్లంబరుని పిలిపించింది. "ఇదిగో, వంటింటి గుమ్మం పక్కన, చెయ్యి చాపేంత దూరంలో పెట్టు. చంటిపిల్లకి కూడా అందాలి."

కొడుకు పరుగున వచ్చాడు. "ఇక్కడా? గోడ అందం పోతుందమ్మా!"

"తడి తువ్వాలు మంచం మీద పారేసేవాడివి, నీకు గోడ అందం ఎప్పట్నుంచిరా?"

"ఎవరైనా పొరపాటున తిప్పేస్తేనో అత్తయ్యా?"

"మళ్ళీ తిప్పుకుంటాం."

"మాకేం కష్టం లేదత్తయ్యా, ఒట్టు. అలవాటైపోయింది."

అత్తగారికి కళ్ళు చెమర్చాయి. ఎంత ఒద్దికైన పిల్ల! "నువ్వూరుకో తల్లీ. ఇవాళ్టితో నీ కష్టాలు తీరాయి."

పని మొదలెట్టాలంటే నీళ్ళు ఆపాలి. కొడుకు గూట్లోకి ఒక్కడే వెళ్ళాడు. అర నిమిషంలో వచ్చేశాడు.

మధ్యాహ్నానికి కొత్త వాల్వు అమరింది. అత్తగారు ఎర్ర పిడిని రెండు వేళ్ళతో తిప్పింది. నీళ్ళు టక్కున ఆగాయి. మామగారొక్కరే చప్పట్లు కొట్టారు. కొత్త జంట మాత్రం పరీక్ష తప్పినవాళ్ళలా గోడకి ఆనుకుని నిలబడింది.

ప్లంబరు సింకు కిందకి తల దూర్చి, నట్టు తడిమి చూశాడు. "దీనికే రోగమూ లేదమ్మా. ఎవరో రెంచీతో రోజూ వదులు చేస్తున్నట్టుంది. చూడండి, గాట్లు కొత్తగా ఉన్నాయి."

"మా ఇంట్లో అంత పనిలేనివాళ్ళెవరయ్యా?"

"ఏమో మరి. గూట్లో పాత వాల్వు విప్పేసి రానా?"

"ఉండు, లోపల ఎంత చెత్త ఉందో. ముందు నన్ను చూడనీ."

మోకాళ్ళ నొప్పులతో పదేళ్ళుగా అటువైపు వంగని మనిషి, ఆపసోపాలు పడుతూ నేల మీద కూలబడి, గూట్లోకి టార్చి వేసింది.

అద్దంలా తుడిచిన నేల. దాని మీద మడత నలగని దుప్పటి. పక్కపక్కనే రెండు దిండ్లు. రెండు కప్పులు, ఒకదాని అడుగున ఇంకా ఆరని టీ. ఇద్దరికీ కలిపి ఒకే జత ఇయర్‌ఫోన్లు. గోడ మీద సుద్దముక్కతో గీసిన ఆట గళ్ళు, పక్కనే కోడలి గుండ్రటి చేతిరాత: "నేను పదకొండు, మీరు మూడు. ఓడినవాళ్ళు రేపు నట్టు వదులు చెయ్యాలి."

అత్తగారు టార్చి ఆర్పేసింది. నవ్వు బయటికి రాకుండా కింది పెదవిని పళ్ళతో గట్టిగా పట్టుకుంది.

"ఏమ్మా, పాతది విప్పెయ్యనా?" ప్లంబరు అడిగాడు.

ఆవిడ గోడ పట్టుకుని లేచి, వంటింటి తలుపు చాటున నిలబడిన రెండు జతల పాదాల వంక చూసింది.

"కొత్తదే విప్పెయ్యి బాబూ. మరీ అందరికీ అందుతోంది."