మసకతెర

చిత్రకారిణి తను వేసిన పిన్ని బొమ్మను ఆన్‌లైన్ గ్రూపులో పెట్టబోతూ ఆగింది. బొమ్మలో పిన్ని ఒంటి మీద నూలుపోగు లేకుండా, బస్సు కోసం ఎదురుచూస్తున్నంత మామూలుగా కుర్చీలో కూర్చుని ఉంది. ఇలాంటి బొమ్మలకు మసకతెర వేసి, లోపల ఏముందో పైన రాయాలని గ్రూపు వాళ్ళ మనవి. చూడాలనుకున్నవాళ్ళు తెర తీసి చూసుకుంటారు.

"నేను వెయ్యను పిన్నీ. నీ ఒళ్ళేమైనా నేరమా, ముసుగెయ్యడానికి?"

"నేరమని ఎవరన్నారే? ఎవరి గదిలోకైనా వెళ్ళేముందు తలుపు తట్టమూ? ఇదీ అంతే," అంది పిన్ని, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ.

చిత్రకారిణి సణుగుతూనే తెర వేసింది. "నగ్నచిత్రం అని రాశాను. చాలా?"

"రొమ్ము తీసేసిన మచ్చ ఉందని కూడా రాయి. కంగారు లేదు, వీలైనప్పుడే చూడమను."

"కంగారుపడేవాళ్ళు అసలు చూడరు. వాళ్ళ గొడవ మనకెందుకు?"

"మీ బాబాయి కూడా ఆ గ్రూపులోనే ఉన్నారుగా, రోజూ పువ్వుల బొమ్మలు పెడుతూ. ఆపరేషనైన దగ్గర్నుంచీ నేను బట్టలు మార్చుకుంటుంటే గదిలోంచి వెళ్ళిపోతున్నారు. ఈ బొమ్మ వెయ్యమని నిన్నడిగింది మరెవరి కోసమనుకున్నావ్?"

చిత్రకారిణి పిన్ని చెప్పినట్టే రాసి, ఒకటికి రెండుసార్లు చదువుకుని, బొమ్మ పెట్టింది.

పక్కగదిలో ఫోను టింగుమంది. పిన్ని అటువైపు చూడలేదు.

"ఏమేవ్," అన్నాడు బాబాయి లోపల్నుంచి. "నా కళ్ళజోడెక్కడ పెట్టావ్?"